జగ్గయ్యగారి గొంతు

2004 మార్చి 5న కొంగర జగ్గయ్యగారు చెన్నైలో కన్నుమూసిరి. మా గుంటూరు సీమ కల్లములలో మిరపకాయలు ఎండెడి రోజులవి. ముఖాముఖి ఎన్నడును చూడని నటునికొరకు అభిమానులు ఆప్తుడు పోయినట్లు ఏల దుఃఖింతురు?

జగ్గయ్యగారి విషయమున దీనికి కారణము ఆయన గొంతే. తెనాలి చెంత మోరంపూడిలో జన్మించిన ఆయన, వెండితెరకు రాకముందు ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిరి. వార్తలు చదువువానికి ముఖాభినయము తోడురాదు, అక్షరమే ఆధారము. బొమ్మను చూచుటకు మనము సినిమాహాలునకు పోవలెను. రేడియోలోని గొంతు తానే మన ఇంటికి వచ్చును. తరువాతి కాలమున సంక్షిప్త శబ్దచిత్రములలోను ఆ గొంతే వినవచ్చినది. వంటయింటిలోని ఇల్లాలును, మంచముమీది తాతయు సమానముగా విన్న గొంతు ఇంటివారి గొంతే యగును.

1967లో, నాడు గుంటూరు జిల్లాలోనిదైన ఒంగోలు నుండి ఆయన లోక్‌సభకు ఎన్నికైరి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రమున రూథర్‌ఫర్డుగా కనిపించిరి. తెరమీద ఆ దొరను నిందించినవారే, ఇంటికి వచ్చి ఆయన పలుకును అనుకరించిరి!

పూలదండలు ఒకనాటికి వాడును. అభిమానికి మిగిలిన పని యొకటి కలదు. ఒత్తులు జారకుండ, మాట మింగకుండ పలికిన ఆ తెలుగును మన పిల్లలకు వినిపింతము. అది వారి నాలుకపై నిలిచినచో ఆ గొంతు మూగవోదు.