ఎయిర్ గన్ చప్పుడు: ఏది ఎంత మోగుతుంది, ఆ మోత ఏం చెబుతుంది?

మామిడికాయ ముదిరే రోజులొస్తే సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు తోటలున్న ఇళ్ళల్లో ఒకటే బాధ: కోతులు. దాని వెనకాలే ఇంకో మాట మొదలవుతుంది, ఒక ఎయిర్ గన్ కొందామా అని. షాపుకెళ్ళిన వాళ్ళలో ఒకాయన "భాయ్, గట్టిగా పేలేది చూపించు, కోతులు బెదరాలి" అంటాడు. ఇంకొకాయన "చప్పుడు రానిది ఇవ్వు, పక్కింటోళ్ళకి వినపడకూడదు" అంటాడు. ఇద్దరి మనసులో ఉన్న లెక్క మాత్రం ఒకటే. మోత ఎక్కువైతే దెబ్బ ఎక్కువ, మోత తక్కువైతే అది పిల్లల ఆటవస్తువు లాంటిది అని. ఈ లెక్క తప్పు. ఇది నమ్మి ఇంట్లో పిల్లల చేతికి గన్ ఇచ్చేవాళ్ళున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అసలు చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?

మన దగ్గర ఎక్కువగా కనిపించేది స్ప్రింగ్ గన్. బ్యారెల్‌ని కిందికి వంచి లోడ్ చేస్తాం, లోపల బలమైన స్ప్రింగ్ వెనక్కి బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ ముందున్న కొంచెం గాలి నలిగి ఛర్రాని బయటికి నెడుతుంది. ఇక్కడ బయటికొచ్చే గాలి చాలా తక్కువ. కాబట్టి గొట్టం చివర పెద్ద పేలుడు ఉండదు. మనకి వినిపించేదాంట్లో ఎక్కువ భాగం ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, స్ప్రింగ్ ఝుమ్మని వణికిన చప్పుడు. ఆ వణుకు కట్టె గుండా చెంప ఎముకకి, అక్కడినుంచి చెవికి నేరుగా పోతుంది. అందుకే కాల్చినవాడికి "అబ్బో, ఎంత మోత" అనిపిస్తుంది, ఇరవై అడుగుల దూరంలో కూర్చున్న అమ్మీజాన్‌కి తలుపు గడియ పడ్డట్టు వినిపిస్తుంది. స్ప్రింగ్ బదులు గ్యాస్ పిస్టన్ ఉన్నవాటిలో ఆ ఝుమ్మనే ధ్వని ఉండదు, "ధడ్" అని ఒక మొద్దు చప్పుడు వస్తుంది. బలం మాత్రం స్ప్రింగ్ గన్‌కి తగ్గదు.

పీసీపీ అనేది వేరే జాతి. దాంట్లో గాలిని ముందే ట్యాంకులో నింపి పెడతారు, 200 బార్ వరకూ. కారు టైరులో ఉండేది రెండు బార్‌కి కాస్త ఎక్కువ, అంటే దాదాపు తొంభై రెట్లు. కదిలే బరువైన పిస్టన్ లేదు కాబట్టి కాల్చేవాడికి కుదుపు తెలియదు. కానీ ఛర్రా వెనకాల బోలెడు గాలి ఒక్కసారిగా బయటపడుతుంది, అదే గొట్టం చివర "టప్"మని పగులుతుంది. బ్యారెల్ చుట్టూ ఫ్యాక్టరీలోనే బిగించిన బయటి గొట్టం ఉంటే ఆ గాలి లోపలే కొంత విప్పారి మోత బాగా తగ్గుతుంది. అంటే ఉన్నవాటిలో బలమైన గన్నే ఒక్కోసారి అన్నిటికంటే మెత్తగా వినిపించవచ్చు. మొదట చెప్పిన లెక్క తారుమారు అయ్యేది ఇక్కడే.

చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లతో పనిచేసేవి మధ్యస్థంగా ఉంటాయి, కానీ ఎండని బట్టి మారతాయి. వేడెక్కితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, మోతా పెరుగుతుంది. కొత్తగూడెం, పాల్వంచ మే నెల ఎండలో అలాంటి సిలిండర్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మాత్రం వద్దు.

అంకెల్లో చెప్పాలంటే

తక్కువ బలం స్ప్రింగ్ గన్‌లు కాల్చేవాడి దగ్గర సుమారు 90 నుంచి 100 డెసిబెల్, గట్టివి 100 నుంచి 110 వరకూ, బయటి గొట్టం లేని పీసీపీలు 110 నుంచి 120, ఆపైన కూడా. పోలికకి, మన దేశంలో టపాసులకి పెట్టిన హద్దు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్. పన్నెండు బోరు తుపాకీ శిఖర మోత 150 దాటుతుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది. దూరం రెట్టింపైతే ఆరు తగ్గుతుంది. కాబట్టి "మా గన్ 95 డెసిబెల్" అని ఎవరైనా అంటే, ఎంత దూరం నుంచి కొలిచారు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం ప్రచారం తేలిపోతుంది.

ఫోన్ యాప్‌తో కొలిచి వీడియోలు పెట్టేవాళ్ళని నమ్మకండి. ఛర్రా చప్పుడు సెకనులో కొన్ని వేల వంతులే ఉంటుంది. ఫోన్ మైకు మనిషి మాటకోసం చేసింది, అంత చిన్న గట్టి దెబ్బ వస్తే అది నిండిపోయి తక్కువ అంకె చూపిస్తుంది. ఒకే ఫోన్ ఒకే చోట పెట్టి రెండు గన్‌లు పోల్చుకుంటే ఏది ఎక్కువో కొంత తెలుస్తుందేమో, అసలు అంకె మాత్రం తెలియదు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. పెరట్లో టిన్ను డబ్బా మీద కాలిస్తే పక్కింటికి వినిపించేది గన్ కాదు, డబ్బా. రేకుల షెడ్డు కింద కాలిస్తే గోడలూ రేకులూ కలిసి మోగుతాయి. గోదావరి ఒడ్డున తెల్లవారుజామున నీళ్ళ మీది చల్లటి గాలి ధ్వనిని కిందికి వంచుతుంది, అవతలి ఒడ్డుకి కూడా స్పష్టంగా పోతుంది.

కొరడా దెబ్బలాంటి శబ్దం వస్తే

కొన్నిసార్లు ఎయిర్ గన్ కూడా నిజం తుపాకీలా "ఛటాక్" అంటుంది. దీన్ని గొప్పగా చెప్పుకునే కుర్రాళ్ళున్నారు. ఒక చిన్న లెక్క చూడండి. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 దాటకూడదు, బలం 20 జౌళ్ళు మించకూడదు. మామూలు సీసం ఛర్రా బరువు అర గ్రాముకి కాస్త ఎక్కువ. 20 జౌళ్ళతో అది సెకనుకి సుమారు 275 మీటర్లు పోతుంది. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు, మన 45 డిగ్రీల ఎండలో ఇంకా ఎక్కువ, 358 దాకా. అంటే చట్టం లోపల ఉన్న గన్, మామూలు ఛర్రాతో, ధ్వని వేగాన్ని దాటే అవకాశమే లేదు.

మరి ఆ ఛటాక్ ఎందుకొచ్చింది? చాలా తేలికైన మిశ్రమ లోహపు ఛర్రా వాడి ఉండాలి. లేదా లోపల నూనె ఎక్కువై, నలిగిన వేడి గాలికి అది అంటుకుని ఉండాలి. అప్పుడు పొగ, కాలిన వాసన కూడా వస్తాయి, సీలు పాడవుతుంది. ఈ రెండూ కాకపోతే గన్ బలమే హద్దు దాటి ఉండాలి, అంటే అది లైసెన్సు కావలసిన ఆయుధం. ".22 కూడా ఎయిర్ గన్నే కదా" అని అమ్మేవాళ్ళ మాట వినకండి, ఆ బోరుకి లైసెన్సు కావాలి.

చప్పుడు తగ్గించుకోవాలని విడిగా సైలెన్సర్ తెప్పించుకోవడం ఇంకా పెద్ద చిక్కు. తుపాకుల చప్పుడు తగ్గించే పరికరాలని అవే రూల్స్ నిషేధిత ఆయుధాలతో పాటు ఒకటో కేటగిరీలో పెట్టాయి. "నాది గాలి గన్నే సార్" అని స్టేషన్‌లో కూర్చుని వాదించుకోవాల్సిన పని మనకెందుకు?

కోతుల సంగతి

కోతిని బెదరగొట్టడానికి ఎయిర్ గన్ చప్పుడు నిజానికి చాలదు. రెండు రోజులు బెదురుతుంది, మూడోరోజు అలవాటు పడుతుంది. అప్పుడు మనిషి ఛర్రా దాని మీదికే గురిపెడతాడు. ఛర్రా దిగిన కోతి చచ్చిపోదు, గాయంతో పిచ్చిగా తిరుగుతుంది, పిల్లల మీద పడుతుంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 కింద అది నేరం కూడా. ఇంకోటి, మనం ఉంటున్నది భద్రాచలం రాముడి చుట్టుపక్కల. కోతిని హనుమంతుడిగా చూసే పొరుగువాళ్ళతో తరాలుగా కలిసి బతుకుతున్నాం. ఒక్క ఛర్రాతో ఊళ్ళో ఏం మొదలవుతుందో చెప్పక్కర్లేదు.

గట్టి మోత కావాలని కొందరు పైపుతో చేసిన కార్బైడ్ గన్ కొంటున్నారు. అది ఎయిర్ గన్ కాదు. కార్బైడ్, నీళ్ళు కలిసి పుట్టిన గ్యాసుకి నిప్పు పెట్టి పేల్చేది. ఎందుకు పేలలేదా అని గొట్టంలోకి తొంగిచూసినప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లల కళ్ళు దెబ్బతిన్నది ఇలాంటి వాటితోనే.

అడవి అంచున చట్టం చప్పుడు వినదు

"మెత్తటి గన్నే కదా, ఎవరికి తెలుస్తుంది" అని పాల్వంచ దాటి కిన్నెరసాని వైపు సరదాగా వెళ్ళే కుర్రాళ్ళకి ఇది చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో "ఆయుధం" అంటే తుపాకీ ఒక్కటే కాదు. వల, ఉచ్చు, విల్లు, జంతువుని గాయపరచగల ఏ పరికరమైనా ఆయుధమే. ఎయిర్ గన్ అందులోకి వస్తుంది. సెక్షన్ 31 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు, కాల్చక్కర్లేదు. నెమలి లాంటి ఒకటో షెడ్యూల్ ప్రాణిని కొట్టినా, అభయారణ్యంలో వేటాడినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25 వేల జరిమానా. వేటకి వాడిన బండి కూడా సర్కారుకి పోతుంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలోకి వెళ్ళాక రాష్ట్రం హద్దు భద్రాచలం పక్కకే వచ్చింది, అటు పాపికొండల నేషనల్ పార్కు ఉంది. హద్దు దాటినా చట్టం అదే, కేంద్ర చట్టం.

పైగా చర్ల, దుమ్ముగూడెం వైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఏళ్ళ తరబడి నిజమైన కాల్పులు విన్న నేల. అక్కడ రాత్రిపూట ఒక "టప్" వినిపిస్తే అది ఎవరి సరదానో ఎవరూ ఆగి అడగరు.

ఎయిర్ గన్‌తో అడవి పిట్టలు ఎలా ఖాళీ అవుతాయో తెలియాలంటే అరుణాచల్ ప్రదేశ్ చూడాలి. 2021లో తూర్పు కామెంగ్ జిల్లాలో మొదలుపెట్టి, ప్రజలే తమ ఎయిర్ గన్‌లు తెచ్చి అప్పగించే కార్యక్రమం నడిపారు. చప్పుడు తక్కువ కాబట్టే అవి ఇంటింటా చేరాయి.

బిస్మిల్లా అని కాల్చితే తీతర్, బటేర్ హలాలే కదా అనే మాట కూడా వింటుంటాం. అదీ బిన్ హాతిమ్ రజి. అడిగిన ప్రశ్న హదీసుల్లో ఉంది. మొనతో చీల్చి చంపింది వేరు, మొద్దు దెబ్బకి చచ్చింది వేరు. గుండ్రటి ఛర్రా తగిలి, జబహ్ చేసేలోపే పిట్ట చచ్చిపోతే అది దెబ్బకి చచ్చినదే అని చాలామంది ఉలమా అంటారు. మస్లా మీ ఇమామ్ సాబ్‌ని అడగండి. చట్టం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

పిల్లల చేతికి ఇచ్చే ముందు

పిల్లల చెవికి శిఖర మోత 120 డెసిబెల్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పెద్దలకి 140. బయటి గొట్టం లేని పీసీపీ ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది, మూసిన గదిలో ఇంకా దగ్గరికి. ఇయర్ మఫ్‌లు పెట్టండి. కానీ అసలు భయం చెవి గురించి కాదు, కన్ను గురించి. పోటీల్లో వాడే పది మీటర్ల రైఫిల్ చాలా మెత్తగా మోగుతుంది, ఛర్రా వేగం సెకనుకి సుమారు 175 మీటర్లు, బలం 8 జౌళ్ళే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ రకం రైఫిల్‌తోనే. అయినా రేంజిలో అది నిండుగా ఉన్నదనే అనుకుని పట్టుకుంటారు, మనిషి వైపు తిప్పనివ్వరు. కన్ను పోవడానికి 8 జౌళ్ళలో చిన్న భాగం చాలు. వేళ్ళ మధ్య గులకరాయి పెట్టి విసరడాన్ని మన ప్రవక్త (స) వద్దన్నారు, అది వేటకీ పనికిరాదు, శత్రువునీ ఆపదు, కన్ను మాత్రం తీస్తుంది అని. ఛర్రా గులకరాయికంటే చాలా వేగం.

ఆసక్తి ఉన్న పిల్లల్ని రేంజికి తీసుకెళ్ళండి. ఇంట్లోనే అంటే, వెనక గోడ ఉన్నచోట, పాత బట్టలు గట్టిగా కుక్కిన మందపాటి అట్టపెట్టె గురిగా పెట్టండి. ఛర్రా తిరిగి ఎగరదు, పక్కింటికి డబ్బా మోత పోదు. పొరపాటున ఎవరి కంటికైనా తగిలితే నలపొద్దు, నీళ్ళు కొట్టొద్దు, ఏదీ పీకొద్దు. కన్ను మీద ఒత్తిడి పడకుండా ఒక పేపర్ కప్పు బోర్లించి అతికించి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.