శక్తి ఒకటే.. తరంగదైర్ఘ్యం ఒకటేనా?

చీరాల దగ్గర వాడరేవుకు వెళ్తే ఒడ్డున అలలు, పైన లైట్‌హౌస్ వెలుగు.. రెండూ తరంగాలే. ఎలక్ట్రాన్‌కూ తరంగం ఉంటుందని 1924లో డీబ్రాయ్ చెప్పారు. పోటీ పరీక్షలో మార్కు జారిపోయేది ఇక్కడే!

ఫోటాన్‌కూ, ఎలక్ట్రాన్‌కూ చెరో 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉందనుకోండి. ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. సూత్రం రెండింటికీ ఇదే. తేడా అంతా ద్రవ్యవేగంలోనే.

ఫోటాన్: 1240ని శక్తితో భాగించండి. 12.4 నానోమీటర్లు.
ఎలక్ట్రాన్: 1.227ను శక్తి వర్గమూలంతో భాగించండి. 0.123 నానోమీటర్లు. అంటే సుమారు వంద రెట్లు తక్కువ!

శక్తి నాలుగు రెట్లయితే ఫోటాన్ తరంగదైర్ఘ్యం పావు వంతవుతుంది, ఎలక్ట్రాన్‌ది సగమే అవుతుంది. అందుకే ఆప్షన్ టిక్ చేసేముందు ‘కణం ఏది?’ అని ఒక్కసారి చూసుకోండి.