పనికొస్తుందని దాచడం వ్యాధిగా మారేదెప్పుడు?

చదువు ముగిశాక హాస్టల్ గది ఖాళీ చేయడం చాలామందికి ఒక పూట పని. కొందరికి మాత్రం వారాలు గడిచినా అది ముగియదు. పాత నోటు పుస్తకాలు, పనిచేయని చార్జర్లు, అట్టపెట్టెలు, రసీదులు... ఏది చేతిలోకి తీసుకున్నా పారవేయడానికి మనసొప్పదు. చివరకు అవన్నీ మూటలై, ఉద్యోగం వచ్చిన ఊరిలోని అద్దె గదికి చేరతాయి. మంచంపై పడుకునేందుకు చోటు లేకపోయినా వాటిలో ఒక్కటీ బయటకు వెళ్లదు. ఇంట్లోవారు దీనిని బద్ధకమని మందలిస్తారు. కానీ ఈ స్థితి ఏళ్ల తరబడి కొనసాగి జీవనానికే అడ్డంకిగా మారితే, అది హోర్డింగ్ డిజార్డర్ అనే మానసిక రుగ్మత కావచ్చు.

ఒకప్పుడు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక లక్షణంగా పరిగణించేవారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన డీఎస్ఎం-5 గ్రంథంలో దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11లోనూ దీనికి ప్రత్యేక స్థానం లభించింది.

అటకపై ఇత్తడి బిందెలు, ఊరగాయ జాడీలు భద్రపరచడం పొదుపరితనమే తప్ప వ్యాధి కాదు. తపాలా బిళ్లలు, నాణేలు సేకరించి క్రమంగా అమర్చుకోవడమూ వ్యాధి కాదు. విలువతో నిమిత్తం లేకుండా వస్తువులను వదులుకోలేకపోవడం, వదలవలసి వస్తే తీవ్ర వేదన చెందడం, వంటగది, మంచం, నడవా వంటివి వాడుకకు రాకుండా పోవడం ఈ రుగ్మత లక్షణాలు.

వృద్ధులలో ఎక్కువగా కనిపించినా దీని బీజాలు చిన్ననాటివే. డీఎస్ఎం-5 ప్రకారం తొలి లక్షణాలు 11 నుంచి 15 ఏళ్ల మధ్య కనిపించవచ్చు. 25 ఏళ్ల ప్రాంతానికి అవి దైనందిన జీవితాన్ని ఆటంకపరుస్తాయి. వయసుతోపాటు తీవ్రత పెరుగుతుంది. పుట్టింట ఎవరో ఒకరు సర్దిపెడుతున్నంత కాలం సమస్య బయటపడదు. ఉద్యోగం, వివాహం, ఇల్లు మారడం వంటి మలుపులలో ఏది ఉంచాలో, ఏది వదలాలో తామే తేల్చుకోవలసి వచ్చినప్పుడు అది వెల్లడవుతుంది. ఆత్మీయుల మరణం, బంధాలు తెగిపోవడం వంటి ఆఘాతాల తరువాత లక్షణాలు మొదలవడమో, ముదరడమో జరుగుతుంటుంది.

నిర్ణయం తీసుకోలేకపోవడం ఈ రుగ్మతలో ప్రధానం. పారవేస్తే రేపు అవసరపడుతుందేమోననే భయం, వస్తువుతో పాటు జ్ఞాపకమూ పోతుందనే బెంగ దానికి తోడవుతాయి. అంతా మారిపోతున్న వేళ పాత వస్తువులే ఆసరాగా తోస్తాయి. బాధితులలో సుమారు 75 శాతం మందికి కుంగుబాటు లేదా ఆందోళన రుగ్మత కూడా ఉంటుందని డీఎస్ఎం-5 పేర్కొంటోంది.

బిడ్డ ఊరెళ్లిన సమయంలో గదంతా ఖాళీ చేయించడం పెద్దలు తరచుగా చేసే పొరపాటు. దానివల్ల నమ్మకం సడలుతుంది. కొద్దికాలానికే గది మళ్లీ నిండుతుంది. ఎందుకంటే ఖాళీ అయినది గది మాత్రమే, వదలలేని తత్వం అలాగే ఉంటుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి ప్రధాన చికిత్స. ఇందులో బాధితులే ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకొని నిర్ణయించడం, వదిలిన తరువాత కలిగే బాధను ఓర్చుకోవడం, కొత్తవి తెచ్చుకోవాలన్న కోరికను నిగ్రహించుకోవడం క్రమంగా అభ్యసిస్తారు. ఒక సొరుగుతో, ఒక బల్లతో మొదలుపెట్టినా చాలు. కుంగుబాటు, ఆందోళన ఉంటే వైద్యులు వాటికీ చికిత్స చేస్తారు.

అలవాట్లు పాతుకుపోకముందే, ఇరవైలలోనే సహాయం కోరడం మేలు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ-మానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేసి, రోజులో ఏ వేళనైనా ఉచితంగా తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ ఫోన్ చేసేలా ప్రోత్సహించడానికి ఇంట్లోవారు పలకవలసింది మందలింపు కాదు, ఒక ఓదార్పు మాట.