పులసకూ రొయ్యకూ పోటీ

భిలాయి ఉక్కు నగరంలో మా క్వార్టరుకు కుడి ప్రక్కన ఒక బెంగాలీ కుటుంబం, ఎడమ ప్రక్కన మరొక బెంగాలీ కుటుంబం ఉండేవి. ఏడాదికి 360 రోజులు ఆ రెండిళ్ళ మధ్య ఉప్పూ పప్పూ రాకపోకలు నిరాటంకంగా సాగేవి. మిగిలిన నాలుగైదు రోజులు మాత్రం మా ఇల్లు రెండు రాజ్యాల నడుమ సరిహద్దు. ఆ రోజుల్లో కలకత్తా మైదానంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్లు తలపడుతూ ఉండేవి.

కుడి ప్రక్క ఆయన రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసేవారు. హుగ్లీ జిల్లా వాస్తవ్యులు. తరతరాలుగా పశ్చిమ బెంగాలువారు. అటువంటివారిని వంగదేశంలో ‘ఘోటీ’లంటారు. ఘోటీ అనగా చెంబు. ఆ పేరు తమకెందుకు వచ్చినదో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెబుతారు. ఎడమ ప్రక్క ఆయన కోక్ ఓవెన్లలో ఉద్యోగి. దేశ విభజన నాడు ఢాకా ప్రాంతం నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబం వారిది. అట్టివారు ‘బాంగాల్’లు. మొదటివారు మోహన్ బగాన్ భక్తులనీ, రెండవవారు ఈస్ట్ బెంగాల్ భక్తులనీ వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లలం మేము వయసులో పెద్దవారైన కుడి ప్రక్క ఆయనను జేఠూ అనీ, ఎడమ ప్రక్క ఆయనను కాకూ అనీ పిలిచేవాళ్ళం. వారిరువురూ మా అమ్మను ‘బౌదీ’ అనేవారు. అది మన ‘వదిన’యే.

వారి పందెం చాలా సులువైనది. ఓడినవారు గెలిచినవారి ఇంటికి స్వయంగా చేప మోసుకొని పోవాలి. అదీ గెలిచినవారి చేపనే. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే చింగ్డీ, అనగా రొయ్య. ఇది మా వీథిలో పుట్టిన ఆచారమేమీ కాదు. వంగదేశమంతటా ఆ జట్లకు అవే గుర్తులు. ఎరుపూ పసుపూ చారల చొక్కా గెలిచిన సాయంకాలం ఇలిష్‌కూ, ఆకుపచ్చా మెరూన్ చారల చొక్కా గెలిచిన సాయంకాలం రొయ్యకూ బజారులో గిరాకీ పెరుగుతుంది. రొయ్య అసలు చేపే కాదని జీవశాస్త్రం చెప్పవచ్చు గాని, ఆ మాట జేఠూ ఎదుట అనగల సాహసం కాకూకు తప్ప మరెవరికీ లేదు.

మా అమ్మ పుట్టిల్లు ధవళేశ్వరం ప్రాంతం. కాపురానికి వచ్చిన తొలి సంవత్సరం కాకూ ఇంటి నుంచి ఆవపిండితో వండిన ఇలిష్ ఒక గిన్నెడు వచ్చినది. అమ్మ ఒక ముద్ద నోట పెట్టుకొని, చేయి అట్లాగే నిలిపి, “ఇది మా పులసే కదా, వదినా!” అన్నదట. సరిగ్గా అదే. శాస్త్రజ్ఞుల లెక్కలో రెండూ ఒకే జాతి. వర్షాకాలంలో సముద్రాన్ని విడిచి, వరదకు ఎదురీది, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కివచ్చే చేప అది. గోదావరి ఎక్కితే పులస, పద్మానది ఎక్కితే ఇలిష్. పుస్తెలమ్మియైనా పులస తినాలని గోదావరి తీరాన సామెత ఉన్నది కదా! కాకూ ఆ సామెతను అమ్మచేత పదేపదే చెప్పించుకొని, బెంగాలీలో తర్జుమా చేసి, తన షిఫ్టులోని వారందరికీ వినిపించేవారు. ఆ ముద్దతో మా అమ్మ ఈస్ట్ బెంగాల్ పక్షంలో చేరిపోయినది. ఇరుగూ పొరుగూ ఇద్దరూ కావలసినవారే గనుక నాన్నగారు మాత్రం తటస్థుడనని ప్రకటించుకున్నారు. ఆయన తటస్థత ఎంతవరకు నిజమో తరువాత చెబుతాను.

పాఠకులలో ఈ స్పర్థ పూర్వాపరాలు ఎరుగనివారి కోసం రెండు మాటలు. మోహన్ బగాన్ క్లబ్బు 1889 ఆగస్టు 15న పుట్టినది. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలులో ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2–1తో ఓడించినది. పదకొండుగురిలో పదిమంది వట్టి కాళ్ళతో ఆడి తెల్ల సోల్జర్లను గెలవడం ఆనాటి పరాధీన దేశానికి ఎంతటి ఉత్సాహం కలిగించినదో ఊహించుకోవలసినదే. ఈస్ట్ బెంగాల్ పుట్టుకకు మాత్రం ఒక అలుక కారణం. 1920 జులై 28న మోహన్ బగాన్‌తో ఆడిన జోడాబగాన్ క్లబ్బు, శైలేశ్ బోస్ అనే తూర్పు బెంగాలు ఆటగాణ్ణి జట్టులోకి దింపలేదు. అందుకు కోపించిన ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటకు వచ్చి, మూడు నాలుగు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 1న వేరొక క్లబ్బుకు ప్రాణం పోశాడు. 1925 మే 28న కలకత్తా లీగులో మొదటిసారి ఈ రెండు జట్లూ ఎదురుపడినప్పుడు గెలిచినది క్రొత్త జట్టే, 1–0తో.

అంతవరకు అది రెండు క్లబ్బుల వ్యవహారం. 1947 తరువాత అర్థం మారిపోయినది. ఊరూ ఇల్లూ పొలమూ పోగొట్టుకొని వచ్చిన లక్షల మందికి, పోయిన దేశం పేరు ఇంకా సజీవంగా నిలిచినది ఒక ఫుట్‌బాల్ జట్టు పేరులోనే. ఈ సంగతి భిలాయిలో పెరిగినవారికి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించగా, దానికి ముందటి ఏడే, 1958లో, తూర్పు పాకిస్తాన్ శరణార్థుల పునరావాసానికి దండకారణ్య పథకం మొదలైనది. రాయ్‌పూర్ చెంత మానా శిబిరంలో వేలాది కుటుంబాలు డేరాలలో కాలం గడిపినవి. కాకూ తమ్ముడి అత్తవారు కొంతకాలం అక్కడే ఉన్నారు. ఆదివారాలలో వారిని చూడబోయి వచ్చిన రోజున కాకూ ఎవ్వరితోనూ పందెం మాట ఎత్తేవారు కారు.

కలకత్తా మాకు 800 కిలోమీటర్లకు పైబడిన దూరం. టెలివిజన్ లేదు. రేడియోలో బెంగాలీ వ్యాఖ్యానం గరగరల మధ్య అలలు అలలుగా వినిపించేది. వాకిట్లో నులకమంచం మీద రేడియో, దానికి ఇటు జేఠూ, అటు కాకూ, మధ్య మా నాన్నగారు. గోల్ అన్న కేక వినపడగానే, ఎవరు కొట్టారన్న మాట మాత్రం గరగరలో కలిసిపోయేది. అప్పుడు ఇద్దరూ ఒకేసారి లేచి ఎగిరేవారు. ఆ అర నిమిషం ఇద్దరిదీ విజయమే. అనుమానం తీరకపోతే మరునాడు దుర్గ్ స్టేషనుకు మెయిలులో వచ్చే కలకత్తా పత్రికే శరణ్యం.

1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనలులో ఈస్ట్ బెంగాల్ 5–0తో గెలిచినది. ఆ రాత్రి జేఠూ ఇంట దీపం త్వరగా ఆరిపోయినది. మరునాడు తెల్లవారుజామున పవర్ హౌస్ బజారులో ఐసు పెట్టెలు విప్పక ముందే ఆయన అక్కడ నిలబడి ఉన్నారని చూచినవారు చెప్పారు. ఒకటి కాదు, గోల్‌కు ఒకటి చొప్పున ఐదు ఇలిష్‌లు తెచ్చి, కాకూ గుమ్మంలో పెట్టి, ఒక్క మాట పలుకక షిఫ్టుకు వెళ్ళిపోయారు. కాకూ వాటిలో రెండింటిని వండించి సాయంకాలం జేఠూ ఇంటికే పంపారు. జేఠూ తినలేదు. ఇంట్లోవారు తిన్నారు.

ఇక నాన్నగారి తటస్థత సంగతి. “తెలుగువారికి దీనిలో ఏమున్నదండీ?” అని ఎవరైనా అంటే ఆయనకు కోపం వచ్చేది. 1940ల చివర, 50ల మొదట ఈస్ట్ బెంగాల్ దాడి వరుసలో ఆడిన ఐదుగురిని అభిమానులు పంచపాండవులన్నారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్కరూ బెంగాలీ కాదు. అప్పారావు మన ఆంధ్రుడు. 1949 నుంచి వరుసగా మూడేళ్ళు షీల్డు వారిదే. ఆ తరువాత సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వచ్చాడు. తమిళ కుటుంబం, బీద ఇల్లు. హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అతనిలోని ఆటను గుర్తించి చేరదీశాడు. 1961లో బలరాం నాయకత్వాన ఈస్ట్ బెంగాల్ లీగు గెలిచినది. ఆ ఏటి షీల్డును మాత్రం రెండు జట్లూ పంచుకున్నాయి.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో రహీం శిక్షణలో భారతదేశం స్వర్ణ పతకం గెలిచినప్పుడు జట్టు నాయకుడు మోహన్ బగాన్ ఆరాధ్యదైవం చునీ గోస్వామి. ఆయన పుట్టినది ఎక్కడనుకున్నారు? తూర్పు బెంగాలులోని కిశోర్‌గంజ్‌లో! పుట్టుకను బట్టి బాంగాల్ అయిన చునీ జీవితమంతా మోహన్ బగాన్‌ను వీడలేదు. సికిందరాబాదు కుర్రవాడేమో ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడయ్యాడు. జేఠూ, కాకూ వంశవృక్షాలు విప్పి వాదించుకునే వేళ నాన్నగారు ఈ ఒక్క సంగతి ఎత్తి ఇద్దరి నోళ్ళూ మూయించేవారు. హైదరాబాదు హబీబ్ మాట వస్తే ఇక చెప్పనే అక్కరలేదు. అతడు రెండు జట్లకూ ఆడాడు, రెండింటికీ ప్రాణం పెట్టాడు. 1977లో పెలే వచ్చిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా నిలిచిన ఆటలో ఒక గోల్ అతనిదే. బెంగాలు బయటివారు లేకుండా బెంగాలీల ఈ తగవు ఇంతగా రక్తి కట్టేది కాదని నా నమ్మకం.

ఇటువంటి ఇరుగుపొరుగు యుద్ధాలు అన్ని దేశాలలోనూ ఉన్నాయి. అమెరికాలో డల్లాసు నగరంలో కాటన్ బౌల్ అనే క్రీడాంగణం ఉన్నది. ఏటా అక్టోబరులో, రాష్ట్రపు జాతర జరిగే రోజులలో, టెక్సస్, ఓక్లహామా విశ్వవిద్యాలయాల జట్లు అక్కడ ఆడుతాయి. వారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. చేతులతో పట్టుకొని పరుగెత్తే ఆట. మైదానపు నడిమి గీతకు ఒక ప్రక్క గ్యాలరీలన్నీ ఒక రంగు, మరొక ప్రక్క మరొక రంగు. గెలిచిన జట్టుకు బంగారు రంగు టోపీ బహుమానం. అక్కడ స్థిరపడిన మా బంధువుల అబ్బాయి ఒకడు ఆ వేడుక వర్ణించి, ఇంత చిత్రం ఎక్కడైనా ఉంటుందా అని వ్రాశాడు. మా వాకిట్లోని నులకమంచం వాడు చూడలేదు, పాపం.

ఇంతవరకు చెప్పినదంతా నవ్వుకోదగిన ముచ్చట. 1980 ఆగస్టు 16 అటువంటిది కాదు. ఆనాడు శనివారం. ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా గ్యాలరీలలో కొట్లాట చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు పోయినవి. ఆటకు పోయిన పిల్లలు ఇళ్ళకు తిరిగి రాలేదు. రాత్రి వార్తలలో మాకు తెలిసినది. కాకూ ఆఖరి తమ్ముడు అప్పుడు కలకత్తాలో చదువుకుంటున్నాడు. ఆటకు పోతున్నానని అంతకు ముందే ఉత్తరం వ్రాశాడు.

ఆ రోజుల్లో కలకత్తాకు ట్రంక్ కాల్ దొరకడం దైవాధీనం. కాకూకు కాళ్ళు ఆడలేదు. జేఠూ స్కూటరు తీశారు. టెలిఫోను కార్యాలయంలో కాల్ బుక్ చేసి, ఆ బల్ల మీదే రాత్రంతా కూర్చున్నారు. లైను కలవడం, తెగిపోవడం, మళ్ళీ బుక్ చేయడం. మా అమ్మ కాకూ ఇంట్లోనే ఉండిపోయినది. జేఠూ భార్య వారి పిల్లలను తన ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టినది. తెల్లవారి తొమ్మిది గంటలకు స్కూటరు చప్పుడు వినిపించినది. జేఠూ బండి దిగకుండానే చేయి పైకెత్తి ఊపారు. కుర్రవానికి మోచేయి విరిగినది, అంతే. కాకూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు. ఆట ఫలితమేమిటని మా వీథిలో ఎవ్వరూ అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు. ఆ ఏడు మళ్ళీ ఏ ఇంటికీ చేప పోలేదు.

ఆగస్టు 16ను కలకత్తాలో ఇప్పటికీ ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటించి, మృతుల పేర రక్తదానం చేస్తారు.

2024 ఆగస్టులో ఒక యువ వైద్యురాలి హత్యపై కలకత్తా అట్టుడికిపోయినది. 18వ తేదీన జరగవలసిన డ్యురాండ్ కప్పు ఆటను, పోలీసు బందోబస్తు చాలదని రద్దు చేశారు. ఆట లేకపోయినా రెండు జట్ల అభిమానులూ సాల్ట్ లేక్ స్టేడియం ముందుకు వచ్చి, కలిసి నినాదాలు చేశారు, కలిసి లాఠీ దెబ్బలు తిన్నారు. ఒక జట్టు చొక్కా తొడిగినవాని భుజాలపై ఎదుటి జట్టు చొక్కా తొడిగినవాడు ఎక్కి కూర్చున్న ఛాయాచిత్రం దేశమంతటా తిరిగినది.

ఆ చిత్రాన్ని నేను జేఠూ కుమారునికి పంపాను. ఆయన పదవీ విరమణ చేసి హుగ్లీకి తిరిగిపోయిన వారంలోనే మోహన్ బగాన్ ఒక ఆట గెలిచినది. రొయ్యలు మోసుకొని 800 కిలోమీటర్లు పోలేక, ‘ఒక కిలో బాకీ’ అని కాకూ పోస్టు కార్డు వ్రాశారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. చిత్రం అందినదని అబ్బాయి మరునాడు జవాబిచ్చాడు. నాన్నగారి పెట్టెలో ఆ కార్డు భద్రంగా ఉన్నదట. బాకీ ఇంకా తీరలేదనీ, వడ్డీతో కలిపి రెండు కిలోలు దాటినదనీ కాకూ పిల్లలకు కబురు చెప్పమన్నాడు.