'గ్రేట్' శబ్దమూ, తెలుగు పర్యాయాలూ

దిల్లీకి ఆగ్నేయంగా, ఉత్తరప్రదేశ్‌లోని గౌతమబుద్ధనగర్ జిల్లాలో గ్రేటర్ నోయిడా అనే నగరం ఉన్నది. ఈ పేరులో 'నోయిడా' అన్నది నిజానికి ఒక మాట కాదు. 1976లో ఏర్పడిన 'న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ' అనే సంస్థ పేరులోని ఆద్యక్షరాల కూర్పు. 1991లో దానికి ఆవలి గ్రామాలకు మరొక సంస్థను నెలకొల్పినప్పుడు ఆ కూర్పుకు ముందు 'గ్రేటర్' చేర్చినారు. ఊరిపేరు గనుక దానిని తెలుగులోనూ అట్లే వ్రాయడం న్యాయమే. కాని ఆ విశేషణానికి అర్థమేమని అడిగితే 'మరింత గొప్ప' అని చెప్పేవారే ఎక్కువ. అది పొరపాటు. ఇక్కడ గొప్పదనం ప్రసక్తి లేదు. ఉన్నది విస్తీర్ణమే. గ్రేట్ అనగానే గొప్ప అనడం తెలుగు అనువాదాలలో ఎంతగా పాతుకొన్నదంటే, ఆంగ్లంలోని పది అర్థాలూ, తెలుగులోని పది పదాలూ ఆ ఒక్క మాట కింద అణగిపోతున్నవి.

ప్రాచీనాంగ్లంలో ఈ శబ్దానికి లావైనది, దళసరిది, మోటుది అని అర్థం. గుణోత్కర్షను చెప్పే అర్థం తరువాత వచ్చి చేరినది. దేహపరిమాణం నుండి మహిమకు సాగే ఈ ప్రయాణం తెలుగువారికి కొత్తది కాదు. నేడు స్థూలత్వాన్ని మాత్రమే చెప్పే 'లావు' ప్రాచీన కావ్యాలలో బలానికి పేరు. 'దొడ్డ' అన్నది పరిమాణవాచి. అయినా 'దొడ్డ మనసు' అన్నప్పుడు అది ఔదార్యమే.

ఊరిపేర్లలో మాత్రం పాత అర్థమే నిలిచినది. గ్రేట్ బ్రిటన్ అనడంలో మొదట ఉన్నది ఆత్మస్తుతి కాదు. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతం నుండి ఆ ద్వీపాన్ని వేరుచేసి చెప్పడానికి ఏర్పడిన గుర్తు. దిల్లీ శివారులో హోలంబీ కలాన్, హోలంబీ ఖుర్ద్ అని జంటగ్రామాలున్నవి. కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. గుంటూరు ప్రాంతంలోని పెదకాకాని, చినకాకాని. విశాఖలోని పెదవాల్తేరు, చినవాల్తేరు ఈ కోవలోనివే. గ్రేటర్ నోయిడాకు సరియైన బంధువులు ఈ 'పెద', 'కలాన్' శబ్దాలు.

నగరం పొలిమేరలు దాటి పెరిగినప్పుడు మన భాషలు ఈ మాటను ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున పలికించినవి. 2005లో విశాఖ నగరపాలక సంస్థ విస్తరించినప్పుడు తెలుగులో అది 'మహా విశాఖ' అయినది. 2007లో బెంగళూరు 'బృహత్' అన్నది. 2025లో కొత్త వ్యవస్థతో ఆ స్థానంలోకి మళ్ళీ 'గ్రేటర్' వచ్చినది. 2007లోనే హైదరాబాదు గ్రేటర్ కాగా, తెలుగు పత్రికలు 'గ్రేటర్ ఎన్నికలు' అని వ్రాసి విశేషణాన్ని నామవాచకమే చేసివేసినవి. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడక పూర్వం, ఇదే భావానికి తెలుగువారు ఎన్నుకొన్న మాట 'విశాల'. విశాలాంధ్ర అన్నారే గాని గొప్ప ఆంధ్ర అనలేదు.

ఇతరార్థాలకు వస్తే తెలుగు సంపద మరింత తేటపడుతుంది. బంధుత్వంలో ఆంగ్లేయుడు పై తరానికీ, కింది తరానికీ గ్రేట్ శబ్దాన్నే తగిలిస్తాడు. మనకు పైన ముత్తాత, కింద మునిమనుమడు. పాత ఆంగ్లంలో గర్భిణి విషయంలో వాడిన గ్రేట్ మనకు 'నిండు చూలాలు'. బాధకు ముందు ఉంటే 'తీవ్రం', శ్రద్ధకు ముందు ఉంటే 'మిక్కిలి', సంఖ్యకు ముందు ఉంటే 'పెక్కు', మిత్రునికి ముందు ఉంటే 'ప్రాణ'. 1914లో మొదలైన యుద్ధానికి గ్రేట్ అన్నది భీకరత్వాన్నిబట్టి. అది మహాయుద్ధమే గాని గొప్ప యుద్ధం కాదు. రాజులకు బిరుదుగా వచ్చినప్పుడు మరొక చిక్కు. అక్బర్ అన్న అరబ్బీ పదానికే 'మిక్కిలి ఘనుడు' అని అర్థం. దానికి గ్రేట్ చేర్చడమే పునరుక్తి. ఇక ఆశ్చర్యార్థకంగా వాడినప్పుడు భేష్, శభాష్ ఉండనే ఉన్నవి. వ్యంగ్యమైతే 'బాగుంది సంబడం' అంటే చాలు.

ఈ పర్యాయాలు ఒకదానికొకటి బదులు రావు. 'పెద్ద'లో వయసు, గౌరవం ఉన్నవి. అందుకే పెద్దమనిషి వేరు, గొప్పమనిషి వేరు. 'గొప్ప' బహువచనంలో పడితే డంబమవుతుంది. గొప్పలు చెప్పుకొనేవాని నెవరూ మెచ్చరు. 'మహా', 'బృహత్' సంస్కృత పదాలతో పొసగుతవి. మహాకవి, బృహత్కథ అన్నట్లు మహాకొండ అనలేము. అచ్చతెనుగు మాటలకు 'పెను' ఉన్నది: పెనుగాలి, పెనుముప్పు, పెనుకొండ. ఈ 'పెను'లో పరిమాణంతోపాటు కొంత భయం కూడా ధ్వనిస్తుంది.

అనువాదంలో ఈ భేదాలు ఎంత దూరం పోతవో రెండు నవలల పేర్లే చెప్పగలవు. 1861లో ముగిసిన డికెన్సు నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను 'గొప్ప ఆశలు' అంటే ఉన్నతాశయాల కథ అనిపిస్తుంది. అక్కడ రెండవ మాటకు ఆస్తి సంక్రమించగలదన్న భరోసా అని అర్థం. మొదటిది ఆ ఆస్తి పరిమాణాన్ని తెలుపుతుంది. ఆ భరోసా కూలినప్పుడు పేరులోని ఎత్తిపొడుపు బయటపడుతుంది. 1925లో వెలువడిన ఫిట్జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ'లో ఇంద్రజాలికుని ప్రకటనలోని ఆర్భాటమూ, కథకుని నిజమైన అభిమానమూ ఒకే శబ్దంలో ఇమిడినవి. ఆ రెండింటినీ మోయగల తెలుగు మాట 'ఘనుడు'. 'వాడు ఘనుడు' అన్నది పొగడ్తో, ఎగతాళో పలికే కంఠాన్నిబట్టి తేలుతుంది.

నిఘంటువు పర్యాయాలను వరుసగా పేర్చి చూపగలదు. వాటిలో ఏది తగునో చెప్పలేదు. ఆ పని రచయితది. వాక్యంలో గ్రేట్ ఎదురైనప్పుడు అది కొలతా, తరమా, తీవ్రతా, మహిమా, పరిహాసమా అని మొదట తేల్చుకోవాలి. ఆ విచారణ మానినచోట మూలరచన చదునవుతుంది. అంతకంటె పెద్ద నష్టం మనది. పెను, దొడ్డ, నిండు, పెక్కు వంటి మాటలు నోటినుండి జారి నిఘంటువులకే పరిమితమవుతవి. వాడుక తప్పిన మాటను తరువాతి తరం వెదకి తెచ్చుకొనడం ఎంత కష్టమో మాతృభాషకు దూరంగా బ్రతికే తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.