నిద్ర పట్టని మనిషికి ఇంటివారు చేయగల సాయం

ఇంట్లో ఒకరికి నిద్ర పట్టకపోతే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమే. ఒకటి రెండు రాత్రులైతే ఎవరూ పట్టించుకోరు. పెళ్ళి పనులు, పిల్లల పరీక్షలు, ఇంట్లో మరణం, ఆపరేషను వంటి సమయాలలో నిద్ర చెదరడం సహజమే. అయితే వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున, 3 నెలలు గడిచినా నిద్ర కుదరక, పగలు నీరసం, చిరాకు, మతిమరుపు కనబడుతుంటే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అటువంటి వారిని వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వచ్చే భార్యలు, కొడుకులు, కోడళ్ళు మమ్మల్ని అడిగే మాట ఒక్కటే: "సిస్టర్ గారూ, మేము ఏమి చేయాలి?" ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం వ్రాస్తున్నాము.

నిద్ర పోవడానికి మొదటి కారణం ఒకటైతే, నెలల తరబడి అది తిరిగి రాకుండా చేసే కారణం మరొకటి. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా నిపుణుడు 1980లలోనే ఈ సంగతి వివరించారు. మొదటి దెబ్బ మానిపోతుంది, కానీ ఆ రోజులలో అలవాటైన పద్ధతులు ఉండిపోతాయి. ఆ పద్ధతులలో చాలావరకు ఇంటివారు ప్రేమతో చేసినవే కావడం మేము తరచుగా చూస్తుంటాము.

ఒక రిటైరైన మాస్టారి సంగతి చూడండి. తమ్ముడు చనిపోయినప్పటి నుండి ఆయనకు నిద్ర తప్పింది. "రాత్రి పట్టలేదు కదండీ, త్వరగా పడుకోండి" అని భార్య 8 గంటలకే పక్క వేసేవారు. తెల్లవారుజామున ఏ కాస్త కునుకు పట్టినా మామయ్యగారు లేస్తారేమోనని కోడలు పిల్లలను గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. మధ్యాహ్నం 2 గంటల నిద్ర. నీరసంగా ఉందని 5 గంటలకు చిక్కటి కాఫీ. పొద్దున్నే ఊళ్ళో ఉన్న కొడుకు ఫోను చేసి అడిగే మొదటి మాట "నాన్నా, నిద్ర పట్టిందా?" అనే. లెక్క వేస్తే ఆయన రోజుకు 12 గంటలు మంచం మీదే ఉంటున్నారు, నిద్ర 5 గంటలు. మిగిలిన 7 గంటలు పంకా వైపు చూస్తూ ఉండడమే. అలా మంచం చూడగానే ఆయనకు భయం పట్టుకుంది.

నిద్ర ఆకలి వంటిది. సాయంత్రం దాకా ఏదో ఒకటి తింటూ ఉంటే రాత్రి భోజనం సయించనట్లే, పగలు కునుకులు తీస్తే రాత్రికి నిద్ర మిగలదు. అందుచేత మేము ఇంటివారికి అప్పగించే మొదటి పని రాత్రిది కాదు, పొద్దుటిది. రాత్రి ఎలా గడిచినా సరే, రోజూ ఒకే వేళకు లేపండి. ఆదివారమైనా, పండుగ మరునాడైనా అదే వేళ. లేపి, వెలుతురులోకి తీసుకువెళ్ళి అరగంట నడిపించండి. జాలిపడి "ఇంకాసేపు పడుకోనీ" అనకండి. ఈ ఒక్క పని దగ్గరే చాలా కుటుంబాలు వెనుకడుగు వేస్తాయి. కాఫీ, టీలు మధ్యాహ్నం భోజనంతో ఆపివేయండి. వాటి ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

రాత్రి నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కాలి. ఎక్కి 20 నిమిషాలైనట్లు అనిపించినా నిద్ర రాకపోతే లేచి మరొక చోట కూర్చోవాలి. వసారాలోనో హాలులోనో ఒక కుర్చీ, చిన్న లైటు ముందే సిద్ధం చేసి ఉంచండి. కొందరు పెద్దవారు ఆ సమయంలో ప్రార్థన చేసుకుంటారు. మంచిదే, కుర్చీలోనే కూర్చుని చేసుకోమంటాము. మళ్ళీ నిద్ర ముంచుకొస్తే మంచం మీదికి వెళ్ళవచ్చు. ఆయన లేచారు కదా అని మీరూ లేచి వెనుక వెళ్ళవద్దు. గోడ గడియారం ఆ గదిలో నుండి తీసివేయండి, సెల్‌ఫోను వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి. ఇటువంటి పద్ధతులనూ, నిద్ర గురించిన భయాన్ని తగ్గించే కౌన్సెలింగునూ కలిపి ఇచ్చే చికిత్సనే పెద్దవారి నిద్రలేమికి మందుల కంటే ముందు ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది. మంచం మీద ఉండే గంటలను తగ్గించే పద్ధతి కూడా ఇందులో ఉంది. దానిని మాత్రం డాక్టరుగారు చెప్పకుండా మొదలుపెట్టకండి. మూర్ఛ ఉన్నవారికి, వాహనాలు నడిపేవారికి అది ప్రమాదం.

మాస్టారు మొదటి 10 రోజులు భార్య మీద బాగా కేకలు వేశారు. మధ్యాహ్నం పడుకోనివ్వలేదని అన్నం మానేశారు కూడా. 6 వారాలకు రాత్రి 11 నుండి 5 వరకు దాదాపు ఏకధాటిగా నిద్ర వస్తోందని చెప్పారు. ఇప్పటికీ అప్పుడప్పుడు పాడు రాత్రులు ఉన్నాయి. ఆ మరునాడూ 5 గంటలకే లేస్తున్నారు.

వార్డులో మేము రాత్రి డ్యూటీలో చూసే విషయం ఒకటుంది. ఒంటి గంటకు, 3 గంటలకు రౌండ్సులో వెళ్ళినప్పుడు గుర్రు పెట్టి నిద్రపోతున్న మనిషి, ఉదయం "సిస్టర్, రాత్రంతా కన్ను మూయలేదు" అంటారు. అది అబద్ధం కాదు. నిద్ర పలచగా ఉన్నప్పుడు, మధ్య మధ్య మెలకువ వచ్చినప్పుడు, ఆ మెలకువలే గుర్తుండి రాత్రంతా మేలుకున్నట్లే అనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో "గుర్రు పెట్టి నిద్రపోయావుగా!" అని వాదించవద్దు. వారి బాధను ఎవరూ నమ్మడం లేదన్న దిగులు కూడా తోడవుతుంది. పొద్దున్నే నిద్ర ఊసు ఎత్తకుండా టిఫిను గురించో, మనవల గురించో మాట్లాడండి.

ఇక మాత్రల సంగతి. పక్కింటావిడకు పనిచేసిందని ఆల్ప్రజోలం మాత్ర తెచ్చి వేసేవారు ఎందరో. ఆల్ప్రజోలం, డయాజిపాం, జోల్పిడెం వంటివి హెచ్1 షెడ్యూలులోని మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు షాపువారు రిజిస్టరులో వ్రాయాలి. ఇవి కొన్ని వారాలలోనే అలవాటు పడతాయి. ముసలివారు రాత్రి మూత్రానికి లేచి తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. నిద్ర కోసమని జలుబు మాత్రలు, దగ్గు మందులు వేయడం కూడా పెద్ద వయసువారికి మంచిది కాదు, మతి తప్పినట్లవుతుంది, కొందరికి మూత్రం ఆగిపోతుంది. అయితే ఎంతోకాలంగా వాడుతున్న నిద్రమాత్రను ఇది చదివి ఈ రాత్రే ఆపివేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, కలవరింత, ఫిట్సు వస్తాయి. ఆల్ప్రజోలం, డయాజిపాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకక ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. డాక్టరుగారి సలహాతో నెమ్మదిగా తగ్గించాలి. ఒక పెగ్గు వేస్తే నిద్ర వస్తుందనే మాట సగమే నిజం. మందు కళ్ళు మూయిస్తుంది, అర్ధరాత్రి దాటాక తెరిపిస్తుంది.

కొన్ని లక్షణాలుంటే ఇంటి వైద్యం చాలదు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్లుండి కదపకుండా ఉండలేకపోవడం (ఇనుము తక్కువైనా ఇలా ఉండవచ్చు), రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, ఆయాసం - వీటికి కారణం వెదకాలి. సాయంత్రం వేసుకునే నీటి మాత్ర, స్టెరాయిడు మాత్ర కూడా నిద్ర చెడగొట్టగలవు. వేళ మార్చవచ్చేమో డాక్టరుగారిని అడగండి. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, "నేను ఎవరికీ బరువు కాకూడదు" అంటుంటే ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నెంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర లేకపోయినా అలసట లేకుండా విపరీతమైన హుషారు, మాటలు, ఖర్చు కనబడినా ఆలస్యం చేయవద్దు.

తోడుగా ఉండేవారికీ నిద్ర కావాలి. కొంతకాలం భార్య వేరే గదిలో పడుకుంటే మన ఇళ్ళలో తప్పుగా చూస్తారు. ఆమెకు బి.పి. పెరిగాక ఇద్దరినీ మేమే చూడాల్సి వస్తోంది. పిల్లలు ఇంట్లో ఉంటే రాత్రులు వంతులు వేసుకోండి.

ఆసుపత్రికి వచ్చేముందు 15 రోజులు ఒక నోటు పుస్తకంలో ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎంతసేపు నిద్రపోయారు, ఎన్నింటికి లేచారు, పగలు ఎంత కునుకు తీశారు, కాఫీ టీలు ఎన్ని అనేవి ఉదయం పూట వ్రాయించండి. రాత్రి లేచి గడియారం చూసి వ్రాయనక్కరలేదు. వాడుతున్న మందులన్నీ, చెట్టు మందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. వెంట వచ్చేవారు ఆ గదిలోనే పడుకునే మనిషైతే మంచిది. గురక సంగతి, ఊపిరి సంగతి వారికే తెలుస్తుంది.