టంకం మచ్చ ఉన్న వరహా

తర్లుపాడు పక్క పెళ్లిళ్లలో పాత కాసులపేరు కనబడితే నా చూపు ముందు కాసుల పై అంచుకే పోతుంది. దండకు గుచ్చడానికి కంసాలి టంకం పెట్టి అతికించిన చిన్న రింగు అక్కడ ఉంటుంది. అదే కాసు ఒంటరిగా వేలానికి వస్తే, రింగు ఊడదీసిన చోట మిగిలిన మచ్చ దాని ధరను దించేస్తుంది.

ఉదయగిరి, కొండవీడు గెలిచిన కృష్ణదేవరాయల బాలకృష్ణుడి వరహానే తీసుకోండి. చిటికెన వేలి గోరంత బిళ్ల, బరువు సుమారు 3.4 గ్రాములు. బ్యాంకులు లేని కాలంలో ఇంటి ఆడవాళ్ల మెడే దానికి భద్రమైన చోటు. అలవాటు ఇంకా పాతది. మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నింటికి చక్రవర్తి తలపైన జంట రంధ్రాలున్నాయి, బొమ్మ నిటారుగా వేలాడేలా. 1898లో పుదుక్కోట్టైలో బయటపడిన 501 రోమన్ నాణేల్లో ఎక్కువ వాటికి చక్రవర్తి ముఖం మీదే ఉలి గాటు ఉంది. ఇక డబ్బుగా చెల్లకూడదని, బంగారంగానే తూగాలని అలా కొట్టి ఉంటారని పండితులు భావిస్తారు.

అందుకే నాణెంపై మచ్చ చూసి మొహం తిప్పుకోవడం నాకు నచ్చదు. కానీ పాట పాడేటప్పుడు మచ్చకు తగ్గ ధరే పాడాలి. నాణేలను పరీక్షించి స్థాయి కట్టే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికా సంస్థలు ఇలాంటి నాణేన్ని అసలుదేనని ఒప్పుకుంటాయి, 70కి ఇన్ని అని అంకె మాత్రం వేయవు. ‘డీటెయిల్స్’ అని రాసి, పక్కన లోపం పేరు చెబుతాయి.

లోపాలన్నీ ఒకటి కాదు. తరాల తరబడి మెడకు ఒరిసి దేవుడి ముక్కూ మోకాళ్లూ నునుపెక్కితే అది అరుగుదల. దాన్ని నేను సంతోషంగా కొంటాను. మెరుగు పెట్టించిన నాణెం వేరు. బొమ్మకూ దాని చుట్టూ ఉన్న ఖాళీ భాగానికీ ఒకే తళతళ ఉంటుంది, వాలు వెలుతురులో సన్నటి గీతలు బయటపడతాయి. అన్నిటికన్నా చెడ్డది అరిగిన బొమ్మను ఉలితో మళ్లీ చెక్కడం. దానికి నేను పాటే పాడను.

కేటలాగులో రెండు ముఖాల ఫొటోలే ఉంటే అంచు ఫొటో అడగండి. పూడ్చిన రంధ్రం, రంగు మారిన టంకం అక్కడే దొరుకుతాయి. బరువు ఎక్కువుంటే టంకం మిగిలి ఉండొచ్చు, తక్కువుంటే ఆకురాయి పట్టి ఉండొచ్చు. పాట ఆగిన ధరపై వేలం సంస్థ కమీషన్, పన్ను ఉంటాయి. వాటిని ముందే లెక్కలో వేసుకోండి.

ఇంకో మాట. నల్లమల అంచు ఊళ్లలో గుప్తనిధుల కోసం గుళ్లు తవ్విపోసేవాళ్లు ఉన్నారు. మట్టి కూడా వదలని నాణెం తెచ్చి, ఎక్కడిదో చెప్పని మనిషి దగ్గర కొనవద్దు. 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేన్ని సొంతంగా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

ఇంట్లో పాత కాసులపేరు ఉండి అమ్మదలిస్తే, ముందు రింగులు తీయించి తళతళలాడించకండి. ఆ కొత్త ఆకురాయి గీతకు మళ్లీ ధర తగ్గుతుంది. దండను దండగానే తీసుకెళ్లి చూపించండి.